బాండ్ కథలో కల్పభేదం

1963 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో ఒక చిన్న సన్నివేశం ఉంది. లండన్ కార్యాలయంలో పెద్దలంతా టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని, ఇస్తాంబుల్ నుంచి జేమ్స్ బాండ్ పంపిన మాటలు వింటుంటారు. బాండ్ మధ్యలో దారి తప్పి, ఓసారి తన పై అధికారి ఎం గారితో టోక్యో వెళ్లినప్పటి ముచ్చటొకటి ఎత్తుకుంటాడు. ఎం గారు కంగారుగా టేప్ ఆపించి, కార్యదర్శి మనీపెన్నీని బయటికి పంపేస్తారు. హాల్లో జనం నవ్వుతారు. నాలుగేళ్ల తర్వాత ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో అదే షాన్ కానరీ, అదే బాండ్, జపాన్‌లో దిగుతాడు. ఇదివరకు ఈ దేశం వచ్చారా అని అక్కడి సహచరుడు హెండర్సన్ అడిగితే, ఎన్నడూ రాలేదంటాడు. ఆ హెండర్సనే మార్టినీ కలిపి ఇస్తూ, కుదపకుండా గరిటెతో తిప్పాను, మీ పద్ధతి అదే కదా అంటాడు. లోకానికంతా తెలిసిన తన అలవాటుకు అది పూర్తిగా వ్యతిరేకం. అయినా బాండ్ మారుమాట లేకుండా, దివ్యంగా ఉందని పుచ్చుకుంటాడు.

మార్టినీ సంగతి మర్యాద అనుకుందాం. టోక్యో సంగతో? గూఢచారి కాబట్టి అబద్ధమాడాడని వెనకేసుకు రావచ్చు. కానీ నాకు తోచే కారణం ఇంకా మామూలుది. మొదటి సినిమాకి స్క్రిప్టు రాసినవాడు రిచర్డ్ మైబామ్. ఆయనకు ఒక జోకు కావలసి వచ్చింది. రెండోది రాసినవాడు రోల్డ్ డాల్. ఆయనకు జపాన్ కొత్తగా చూసే మనిషి కావలసి వచ్చింది. ఎవరి అవసరం వారు తీర్చుకున్నారు. బాండ్ సినిమాల్లో దొరికే పొరపాట్లలో పెద్దవాటి వెనక ఉండేది అజాగ్రత్త కాదు, ఇలాంటి అవసరమే.

1962 నుంచి 2021 వరకు ఈయాన్ నిర్మాణ సంస్థ తీసినవి 25 సినిమాలు. బాండ్ వేషం కట్టినవారు ఆరుగురు. అరవై ఏళ్లపాటు సాగిన ఈ కథలో పొంతన కుదరని చోట్లు ఏరుతూ పోతే అంతుండదు. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కంటికి దొరికే తప్పు వేరు, లెక్కకు దొరికే తప్పు వేరు, కథ తన గతాన్ని తానే మరిచిపోవడం వేరు. మన పౌరాణికులు రెండు పురాణాలకు పొంతన కుదరనప్పుడు ‘కల్పభేదం’ అని ఒక్క మాటతో ఒడ్డెక్కుతారు. అది ఆ కల్పంలో జరిగింది, ఇది ఈ కల్పంలో జరిగింది, వివాదం లేదు. బాండ్ సినిమాలకూ ఆ సౌకర్యం కావలసి వచ్చింది గానీ, వాళ్లు దాన్ని సరిగ్గా వాడుకోలేదు.

తప్పులు పట్టే ఆచారం ఈ కథకు పుట్టుకతోనే అంటుకుంది. 1956లో గ్లాస్గో నుంచి జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే ఆయుధాల నిపుణుడు ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఉత్తరం రాశాడు. నవలల్లో బాండ్ వాడే బెరెట్టా ఆడవాళ్ల తుపాకీ అనీ, అలాంటి మనిషి చేతిలో ఉండాల్సింది వేరనీ దాని సారాంశం. ఫ్లెమింగ్ కోపం తెచ్చుకోలేదు. ‘డాక్టర్ నో’ నవలలో బూత్‌రాయిడ్ పేరుతోనే ఆయుధాల అధికారిని సృష్టించి, అతని చేత బెరెట్టా లాగేయించి వాల్తర్ పీపీకే ఇప్పించాడు. తర్వాత సినిమాల్లో అందరికీ ప్రియమైన క్యూ ఈ పాత్రలోంచే ఎదిగాడు. ముచ్చటేమిటంటే, ఆ తుపాకీతోపాటు ఫ్లెమింగ్ రాసిన బర్న్స్-మార్టిన్ ఒర రివాల్వర్ల కోసం చేసింది, పీపీకేకి పనికిరాదు. తప్పు దిద్దబోయి కొత్త తప్పు చేశాడన్నమాట.

1962 నాటి ‘డాక్టర్ నో’ సినిమాలోనూ తుపాకీ దగ్గరే దొరికిపోయారు. బాండ్‌ను చంపడానికి వచ్చిన ప్రొఫెసర్ డెంట్ చీకటి గదిలో మంచం మీద గుళ్లన్నీ కురిపిస్తాడు. పక్కన కూర్చున్న బాండ్ తీరిగ్గా, అది స్మిత్ అండ్ వెసన్, నీ ఆరు గుళ్లూ అయిపోయాయి అని తేల్చి అతన్ని కాల్చేస్తాడు. తెరమీద డెంట్ చేతిలో కనబడేది మాత్రం కోల్ట్ 1911 రకం పిస్తోలు. దాని మ్యాగజైన్‌లో ఏడు పడతాయి. బాండ్ అంత ధీమాగా లెక్కపెట్టకుండా ఉంటే మనం ఆ తుపాకీ వంక చూసేవాళ్లమే కాదు.

కంటికి దొరికేవాటిలో మొదటి తాంబూలం 1971 నాటి ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ది. పోలీసులు తరుముతుంటే బాండ్ ఎర్ర మస్టాంగ్ కారును కుడి చక్రాల మీద ఒరిగించి ఇరుకు సందులో దూరుస్తాడు. అవతల లాస్ వేగాస్ ఫ్రీమాంట్ వీధిలోకి వచ్చేసరికి కారు ఎడమ చక్రాల మీద ఉంటుంది. సందులోకి వెళ్లడం హాలీవుడ్ స్టూడియో ఆవరణలో తీశారు, బయటికి రావడం వేగాస్‌లో తీశారు. పొరపాటు తెలిశాక దర్శకుడు గై హామిల్టన్ మధ్యలో ఒక ముక్క అతికించాడు: కారు లోపల ఇద్దరూ అటునుంచి ఇటు ఒరుగుతారు. పక్కకు తిరిగే చోటే లేని సందులో అది ఎలా సాధ్యమని అడక్కూడదు. అసలు తప్పు కంటే ఆ అతుకే మనకు బాగా గుర్తుండిపోయింది. మన సెట్ల మీద ఒక షాట్‌లో నిలువు బొట్టు, మరో షాట్‌లో గుండ్రటి బొట్టు వస్తే అసిస్టెంట్ డైరెక్టర్‌కి చీవాట్లు పడతాయి. కంటిన్యుటీ అంటే బొట్టు, గడియారం, గ్లాసులో నీళ్ల మట్టమే అనుకుంటాం. చక్రాలు మారడమంటే కాస్త రాజవైభోగపు తప్పే.

2008 నాటి ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ది దీనికి భిన్నమైన అందం. హైతీ రేవు దగ్గర బాండ్ మోటార్ సైకిల్ మీద ఉంటాడు, వెనక ఒకాయన చీపురుతో ఊడుస్తుంటాడు. ఆ చీపురు నేలకు తగలదు. గాలిని ఊడుస్తున్నాడు. పాపం, మైకులో చప్పుడు పడకూడదని అలా చేశాడేమో. ఒక్కసారి అటు చూశారంటే, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ సినిమా వేసుకున్నా మీ కన్ను డేనియల్ క్రెయిగ్ మీద నిలవదు. ‘స్కైఫాల్’లో లండన్ వాసులకు మాత్రమే దొరికే తప్పొకటుంది. భూగర్భ రైళ్ల డిస్ట్రిక్ట్ లైన్ అని చూపించిన చోట, లోతు సొరంగాల్లో తిరిగే చిన్న రైలు వస్తుంది. డిస్ట్రిక్ట్ లైన్ పెట్టెలు అంతకంటే పెద్దవి.

లేని తప్పును పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ‘మూన్‌రేకర్’లో ఇనుప పళ్ల జాస్, రెండు జడల డాలీ ఒకరినొకరు చూసి నవ్వుకునే సన్నివేశంలో ఆమె పళ్లకు క్లిప్పులున్నాయని చాలామంది ఒట్టేసి చెబుతారు. లేవు. ఉంటే ఆ నవ్వుకు అర్థం బాగా కుదిరేది కాబట్టి చూసినవాళ్లే వాటిని తగిలించారు. తెరమీది పొరపాట్ల లెక్క రాసేవాళ్లు తమ జ్ఞాపకాన్ని కూడా ఒక కంట కనిపెట్టి ఉండాలి.

లెక్కకు దొరికే తప్పుల్లో ‘గోల్డ్‌ఫింగర్’ దగ్గర కాసేపు ఆగాలి. 1959 నవలలో గోల్డ్‌ఫింగర్ ఫోర్ట్ నాక్స్ బంగారాన్ని దోచుకుపోవాలని చూస్తాడు. అంత బరువు ఎలా మోస్తారన్న ప్రశ్న ఫ్లెమింగ్ పెద్దగా పట్టించుకోలేదు. 1964 సినిమా రచయితలు ఆ కన్నాన్ని చాలా తెలివిగా పూడ్చారు. బాండ్ చేతే ఆ ప్రశ్న అడిగించారు: 1500 కోట్ల డాలర్ల బంగారం 10,500 టన్నులు, అరవై మంది పన్నెండు రోజులు మోస్తే గానీ 200 లారీలకు ఎక్కదు కదా అని. అప్పుడు గోల్డ్‌ఫింగర్ చిరునవ్వు నవ్వుతాడు. దోచుకోవడం ఎవరిక్కావాలి, అణుధార్మికతతో దాన్ని పాడుచేస్తే నా దగ్గరున్న బంగారం విలువ పెరుగుతుంది. నవల తప్పును సినిమా దిద్దడమే కాదు, ఆ దిద్దుబాటునే కథకు మలుపు చేసుకుంది. ఇంతకంటే మంచి స్క్రిప్టు పని ఈ మొత్తం పరంపరలో నాకు కనబడలేదు.

అలాగని బాండ్ గారి ఎక్కం సరైనదేమీ కాదు. అప్పట్లో బంగారం ధర ఔన్సు 35 డాలర్లు. ఆ లెక్కన 1500 కోట్ల డాలర్లకు 13,300 టన్నులకు పైగా తూగాలి. సరే, ఆయన చెప్పిన 10,500 టన్నులే ఖాయం చేసుకుందాం. 200 లారీలకు సర్దితే లారీకి యాభై రెండున్నర టన్నులు. ఆనాటి ఏ లారీ ఇరుసు దాన్ని తట్టుకుంటుంది? హాల్లో కూర్చున్నవాడు భాగహారం చెయ్యడని రచయితలకు తెలుసు. అంకెలు గబగబా దొర్లిపోతే చాలు, విషయం తెలిసిన మనిషి మాట్లాడుతున్నట్టుంటుంది.

అదే సినిమాలో సోలో అనే ముఠానాయకుడు తన వాటా బంగారంతో సహా లింకన్ కారెక్కుతాడు. దారిలో అతన్ని చంపి, కారును యంత్రంలో నలిపి దిమ్మగా చేసి, ఆ దిమ్మను చిన్న ఫోర్డ్ రాంచెరో బండి వెనక దింపుతారు. రెండు టన్నుల పైచిలుకు కారు, పైన బంగారం. బండి కిమ్మనకుండా వెళ్లిపోతుంది. ఆ ముద్దలోంచి బంగారం విడదీసే కష్టం గోల్డ్‌ఫింగర్‌దే. అంతకుముందే ముఠానాయకులందరికీ తన పథకమంతా నమూనాలతో విడమరిచి చెప్పి, మిగతావాళ్లను వెంటనే విషవాయువుతో చంపేస్తాడు. చంపేవాళ్లకు చెప్పడం దేనికి? మనకోసమే. హాల్లో కూర్చున్న మనకు పథకం అర్థం కావాలి కదా.

చివర్లో బాంబు గడియారం 007 దగ్గర ఆగుతుంది. చప్పట్లు. కానీ బాండ్ మాటల్లో, ఇంకో మూడు క్షణాలైతే గోల్డ్‌ఫింగర్ పంట పండేదని వినిపిస్తుంది. మొదట తీసినప్పుడు గడియారం 003 దగ్గర ఆగింది. తర్వాత ఎవరికో 007 తట్టింది. అంకె మార్చారు, మాట మార్చలేదు. కంటికీ చెవికీ తగువొస్తే సినిమాల్లో గెలిచేది కన్నే.

ఇక అసలు చిక్కు. ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో బాండ్, అతని బద్ధశత్రువు బ్లోఫెల్డ్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటారు. రెండేళ్ల తర్వాత ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’లో బాండ్ కళ్లజోడూ పైపూ పెట్టుకుని, సర్ హిలరీ బ్రే పేరుతో బ్లోఫెల్డ్ కొండమీది స్థావరానికి వెళతాడు. బ్లోఫెల్డ్ గుర్తుపట్టడు. బ్లోఫెల్డే డొనాల్డ్ ప్లెజన్స్ నుంచి టెలీ సవాలస్‌గా మారాడు, బాండ్ కానరీ నుంచి జార్జ్ లేజెన్‌బీగా మారాడు కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు పోల్చుకోలేదని సరదాగా అనుకోవచ్చు. నిజం పుస్తకాల బీరువాలో ఉంది. నవలల వరస: ‘థండర్‌బాల్’ 1961, ‘ఆన్ హర్ మెజెస్టీస్’ 1963, ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ 1964. మొదటిదాంట్లో బ్లోఫెల్డ్, బాండ్ కలవనే కలవరు. రెండోదాంట్లో బ్లోఫెల్డ్ ముఠా బాండ్ భార్య ట్రేసీని చంపుతుంది. మూడోదాంట్లో జపాన్‌లో బాండ్ పగ తీర్చుకుంటాడు. సినిమావాళ్లు చివరి రెంటినీ తారుమారు చేశారు. నిజానికి ‘గోల్డ్‌ఫింగర్’ తొలి ప్రింట్ల చివర, తర్వాతి సినిమా ‘ఆన్ హర్ మెజెస్టీస్’ అనే ప్రకటించారు. అది వెనక్కి వెళ్లింది. చివరికి 1969లో తీసినప్పుడు దర్శకుడు పీటర్ హంట్ పుస్తకానికి కట్టుబడ్డాడు. పుస్తకంలో వాళ్లకు పరిచయం లేదు కాబట్టి సినిమాలోనూ లేదు. బాండ్ కొత్త ముఖానికి కారణంగా ప్లాస్టిక్ సర్జరీ పెడదామన్న ఆలోచన స్క్రిప్టు దశలో వచ్చి పోయింది. అది పోవడమే మంచిదైంది.

ఈ తారుమారుకు అసలు నష్టం పొంతన చెడటం కాదు, పగ చెల్లకుండా పోవడం. పుస్తకంలో ట్రేసీ చావుకు బదులుగా రావాల్సిన కథ అప్పటికే వాడేశారు. అందుకే 1971లో కానరీ తిరిగొచ్చి బ్లోఫెల్డ్ కోసం ఊరూరా జనాన్ని తన్నుతుంటే, దేనికోసమో ఒక్క మాట అనడు. ట్రేసీ పేరు రాదు. ప్రేక్షకుడు గుర్తుంచుకున్నదాన్ని సినిమా మరిచిపోయింది.

అలాంటి తారుమారునే మరోచోట చక్కగా సర్దుకున్నారు. నవలల్లో ‘లివ్ అండ్ లెట్ డై’ 1954లో, ‘డాక్టర్ నో’ 1958లో వచ్చాయి. జమైకా పడవవాడు క్వారెల్ రెండింటిలోనూ ఉంటాడు, రెండోదాంట్లో చనిపోతాడు. సినిమాల్లో ‘డాక్టర్ నో’ ముందే వచ్చి అతన్ని చంపేసింది. 1973లో ‘లివ్ అండ్ లెట్ డై’ తీసేనాటికి పాత్ర లేదు. అప్పుడు క్వారెల్ కొడుకును దింపారు. కథకు ఒక్క అక్షరం నష్టం లేదు. అదే 1954 నవలలో బాండ్ అమెరికన్ మిత్రుడు ఫీలిక్స్ లైటర్‌ను సొరచేపకు వేసే ఘట్టం మాత్రం సినిమాలో 1989 దాకా రాలేదు. ‘లైసెన్స్ టు కిల్’లో వచ్చేసరికి, 1973లో లైటర్‌గా వేసిన డేవిడ్ హెడిసన్‌నే మళ్లీ పిలిచారు. మధ్యలో 1987లో జాన్ టెర్రీ అనే కుర్ర లైటర్ వచ్చి వెళ్లాడు, అది వేరే సంగతి. పాత స్నేహితుడి ముఖమే ఉంటే దెబ్బ గట్టిగా తగులుతుందని లెక్క. అది సరైన లెక్కే. కానీ పెళ్లినాడే భార్యను పోగొట్టుకుని, కాలు పోగొట్టుకున్న ఆ మనిషి చివర్లో ఆసుపత్రి మంచం మీంచి ఫోన్లో హుషారుగా కబుర్లు చెబుతాడు. నా దృష్టిలో మస్టాంగ్ చక్రాల కంటే ఇదే పెద్ద కంటిన్యుటీ తప్పు. చక్రాలు మారితే నవ్వొస్తుంది. మనసు మారితే నమ్మకం పోతుంది.

ట్రేసీ విషయంలో సినిమాలు ఆలస్యంగానైనా తెలివి తెచ్చుకున్నాయి. 1977లో రష్యన్ గూఢచారిణి ఆన్యా ఆమె మాటెత్తితే రోజర్ మూర్ ముఖం మాడుతుంది. 1981లో ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ ఆమె సమాధి దగ్గరే మొదలవుతుంది. రాయి మీద 1943-1969 అని స్పష్టంగా ఉంటుంది. 1989లో లైటర్ తన భార్యకు, బాండ్‌కూ ఒకప్పుడు పెళ్లయిందని చెబుతాడు. అప్పటికి బాండ్ టిమొతీ డాల్టన్. జేమ్స్ బాండ్ అనేది మనిషి పేరు కాదు, ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చే సంకేతనామం అని అభిమానుల్లో ఒక సిద్ధాంతం ఉంది. ఆ సమాధి రాయి ఒక్కటే దాన్ని పగలగొడుతుంది. ఎవరో పేరు మోస్తున్నవాడు ఎవరి భార్య సమాధికో పూలెందుకు తీసుకెళతాడు? ఇక వయసు లెక్క వేయకండి. ట్రేసీ పోయిన ఏడు డాల్టన్‌కు 23, పియర్స్ బ్రాస్నన్‌కు 16.

కన్ను దాటిపోయే వివరాలన్నీ తప్పులే కావు. ‘డాక్టర్ నో’ భోజనాల గదిలో మెట్ల పక్కన ఒక బొమ్మ చూసి బాండ్ ఒక క్షణం ఆగుతాడు. అది గోయా గీసిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. 1961 ఆగస్టులో లండన్ నేషనల్ గ్యాలరీ నుంచి దొంగలెత్తుకుపోయారు. సినిమా వచ్చేనాటికి ఇంకా దొరకలేదు. దొంగ ఎవరో సినిమా చెప్పేసిందన్నమాట. కళాదర్శకుడు కెన్ ఆడమ్ తానే నకలు గీశాడు. అసలు బొమ్మ 1965లో దొరికింది, ఆనాటితో ఆ జోకు చల్లారిపోయింది. ఇవాళ చూసేవాడికి కానరీ ఎందుకాగాడో తెలియదు. 2002 నాటి ‘డై అనదర్ డే’లో బాండ్ క్యూబాలో పక్షుల శాస్త్రవేత్తనంటూ ఒక పుస్తకం తిప్పుతాడు: ‘బర్డ్స్ ఆఫ్ ది వెస్టిండీస్’. దాన్ని రాసిన అసలు పక్షుల శాస్త్రవేత్త పేరు జేమ్స్ బాండ్. ఫ్లెమింగ్ తన హీరోకు పేరు తీసుకున్నది ఆ అట్ట మీంచే.

బాండ్ మన దేశానికి వచ్చింది 1983లో, ‘ఆక్టోపసీ’తో. ఇండియా వచ్చేసిందని చెప్పడానికి తాజ్‌మహల్ చూపించి, వెంటనే ఉదయ్‌పూర్ సరస్సులో దింపుతారు. నడుమ ఆరువందల కిలోమీటర్ల రోడ్డు. దీనికి మనం అలవాటుపడ్డవాళ్లమే. నన్ను ఆపింది వేరే సంగతి: పాములవాడి వేషంలో ఉన్న విజయ్ అమృత్‌రాజ్ బాండ్‌కు గుర్తుగా నాగస్వరం మీద జేమ్స్ బాండ్ సంగీతం వాయిస్తాడు. బాండ్ తల తిప్పుతాడు. అంటే ఆ బాణీ కథలోని మనుషులకూ వినిపిస్తుందన్నమాట! 1966లో ‘గూఢచారి 116’గా వచ్చి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్న కృష్ణకైనా ఇంత సౌకర్యం దక్కలేదు.

2006లో ‘కసినో రాయల్’తో కల్పం మారింది. బాండ్ అప్పుడే 00 హోదా పొందిన కొత్తవాడు, వెనకటివన్నీ జరగలేదు. ఇక్కడ కల్పభేదం అనేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ ప్రళయజలాల మీద తేలిన మార్కండేయుడిలా, పాత కల్పం నుంచి జూడి డెంచ్ ఒక్కరే ఇవతలికి వచ్చారు. 1995లో ఆమె ఎం కుర్చీకి కొత్త, లెక్కల మనిషని వెనక గొణుక్కునేవారు. 2006లో ప్రచ్ఛన్నయుద్ధం నాటి నుంచీ ఉన్న పాతకాపు. ‘స్కైఫాల్’ ప్రకారం 1997 అప్పగింతకు ముందు హాంకాంగ్ స్టేషన్‌లో పనిచేసిన అధికారిణి. అదే కాలంలో లండన్‌లో కూర్చుని బ్రాస్నన్‌ను పంపించింది ఎవరు మరి? ఇద్దరు ఎంలు, ఒకే ముఖం అని సర్దుకోవాలి. అంత మంచి నటిని వదులుకోవడం కంటే అదే మేలు.

కారు ఇంకా తమాషా. ‘కసినో రాయల్’లో బాండ్ బహామాస్‌లో పేకాటలో ఆస్టన్ మార్టిన్ డీబీ5 గెలుస్తాడు, స్టీరింగ్ ఎడమవైపు, నంబరు అక్కడిదే. ఆరేళ్ల తర్వాత ‘స్కైఫాల్’లో గ్యారేజీ తలుపు తీస్తే డీబీ5 ఉంటుంది. ఈసారి స్టీరింగ్ కుడివైపు, నంబరు బీఎంటీ 216ఏ, మీట నొక్కితే ఎగిరిపడే సీటు, దీపాల వెనక మరతుపాకులు. అది పేకాటలో వచ్చిన కారు కాదు, 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ కారు. కొత్త కల్పంలో దానికి చోటు లేదు. అయినా ఆ తలుపు తెరుచుకోగానే హాల్లో ఈలలు పడ్డాయి. నిజానికి క్రెయిగ్ బాండ్‌కు మధ్యవయసు లేదు. 2006లో కొత్తవాడు, 2008 కథ దానికి కొనసాగింపే, 2012కల్లా అలిసిపోయిన ముసలి గుర్రం. ఆ మధ్య ఉద్యోగమంతా ఎక్కడ చేశాడు? మనకు తెలుసు: కానరీగా, మూర్‌గా, బ్రాస్నన్‌గా చేశాడు. ఆ ఖాళీని ప్రేక్షకుడే పాత సినిమాలతో పూడ్చుకుంటాడని ఆ కారు పెట్టినవాళ్లకు బాగా తెలుసు.

2021 నాటి ‘నో టైమ్ టు డై’లో కార్యాలయం గోడల మీద వెనకటి ఎంల చిత్రపటాలు కనిపిస్తాయి. ఒకటి జూడి డెంచ్‌ది. ఇంకొకటి రాబర్ట్ బ్రౌన్‌ది. ఈయన 1977లో అడ్మిరల్ హార్గ్రీవ్స్‌గా వచ్చి, బెర్నార్డ్ లీ చనిపోయాక 1983 నుంచి ఎం కుర్చీలో కూర్చున్నాడు. హార్గ్రీవ్స్‌కే పదోన్నతి వచ్చిందో, ఇద్దరూ వేరు వేరో సినిమాలు ఎన్నడూ చెప్పలేదు. మూర్‌కూ డాల్టన్‌కూ పై అధికారిగా పనిచేసిన ఆ పెద్దమనిషి, వాళ్లిద్దరూ లేని లోకంలో గోడకెక్కి ఉన్నాడు. కథలో ఎవరూ ఆయన ప్రస్తావన తేరు.